అర్థం చెప్పి కూర్చో

మా వీధిలో ఎవరినైనా ఆపి "టీచర్ ఇల్లెక్కడ?" అని అడిగితే "ఏ టీచర్?" అని ఎదురు అడగరు. నేరుగా నా కుట్టుకొట్టు పక్కనున్న మేడమెట్లు చూపిస్తారు. అలాగని ఈ వీధిలో టీచర్లకి కరువేమీ లేదు. లెక్కలు చెప్పేవాళ్ళున్నారు, బొమ్మలు నేర్పేవాళ్ళున్నారు, ఇంటికొచ్చి పాఠాలు చెప్పేవాళ్ళయితే గడపకొకరున్నారు. అయినా వట్టి టీచర్ అంటే ఒక్కరే. ఎదురుగా ఉన్న చిన్నపిల్లల బడిలో ఒకటో తరగతికి ఇంగ్లీషు చెప్పిన ఆవిడ. నాకూ ఆవిడే చెప్పింది. నా చెల్లెలికీ, దాని కొడుక్కీ కూడా ఆవిడే. పై తరగతులు చెప్పమని బడివాళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. "పైనున్నవాళ్ళకి మాటలు ముందే వచ్చేసి ఉంటాయి. నాకు రానివాళ్ళే కావాలి" అనేది.

ఆవిడ పాఠానికి జంట మాటలని పేరు. బోర్డు మీద ఒక మాట రాసేది. బెల్. బెల్ అంటే గంట. "దీనికి జంట ఎవరు తెస్తారు?" అనేది. చివర అలాగే మోగే మాట తేవాలి. ఎవడో ఒకడు లేచి "వెల్" అనేవాడు. అని కూర్చోబోయేవాడు. డస్టరుతో బల్ల మీద టక్కుమని ఒక్క దెబ్బ పడేది. "అర్థం చెప్పి కూర్చో." వెల్ అంటే బావి. అప్పుడు కూర్చోవాలి. ఇంకొకరు లేచి టెల్ అంటారు, టెల్ అంటే చెప్పడం. సెల్ అంటే అమ్మడం. ఫెల్ అంటే పడ్డాడు. ఒక గంట కొడితే దాని వెనకాల బావీ, బావిలో పడ్డవాడూ, ఆ సంగతి ఊరంతా చెప్పినవాడూ అందరూ వచ్చేవాళ్ళు. రెయిన్ అంటే వాన, ట్రెయిన్ అంటే రైలు, చెయిన్ అంటే గొలుసు, పెయిన్ అంటే నొప్పి. "వానలో రైలెక్కి, ఊరికే గొలుసు లాగి, వీపుకి నొప్పి తెచ్చుకున్నాడు" అని ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతుంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

కొన్ని మాటలు మమ్మల్ని మోసం చేసేవి. కట్, పుట్ కాగితం మీద చూస్తే ఒకే ఇంటి అన్నదమ్ముల్లా ఉంటాయి, పలికితే ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. "కళ్ళతో జత కట్టకండిరా, చెవులతో కట్టండి" అనేది టీచర్. తర్వాత నాకు పెళ్ళిసంబంధాలు చూసే రోజుల్లో ఆ మాటే మా అమ్మకి చెబితే నెత్తిన మొట్టింది.

ఒకరోజు బుక్ అనే మాట రాసింది. లుక్ ఒకడు పట్టుకుపోయాడు, కుక్ ఇంకొకతి, హుక్ మరొకడు. నా వంతు వచ్చేసరికి మాటలన్నీ అయిపోయాయి. ఊరుకుంటే పరువు పోతుందని లేచి "డుక్" అన్నాను. టక్కుమంది డస్టరు. అర్థం చెప్పి కూర్చో. ఎక్కణ్ణుంచి చెప్పను? బడి వదిలేదాకా నిలబడే ఉన్నాను. పిల్లలంతా వెళ్ళాక టీచర్ నా దగ్గరికి వచ్చి, నా జడకి ఊడిపోయిన రిబ్బను కడుతూ, "తల్లీ, నీకే అర్థం తెలియని మాటని నోట్లోంచి బయటికి పంపకు. ఊరికే అనే మాటంటూ ఉండదు" అంది. నా వయసుకి అందులో నాకు అర్థమైంది ఇక ఇంటికి పోవచ్చని మాత్రమే.

ఈ పట్టుదల ఆవిడకి ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నేను కొట్టు పెట్టుకున్నాను. చీర అంచు మడిచి కుట్టించుకోవడానికి వచ్చి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. వాళ్ళమ్మ ఏదో ఆఫీసులో నేల తుడిచే పని చేసేదట. కూతురు బడి వేడుకలో స్టేజి మీద ఇంగ్లీషు పాట చెబుతుందని పని మానుకుని వచ్చి వెనక వరసలో నిలబడి విందట. పిల్ల గడగడా చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి నడుస్తూ దారిలో వాళ్ళమ్మ అడిగిందట: "ముద్దుగా ఉందే తల్లీ! ఏమన్నావు అందులో?" ఏమందో ఈవిడకీ తెలియదు. చిలకకి నేర్పినట్టు నేర్పారు, చిలకలా అప్పజెప్పింది. "తెలీదమ్మా" అంటే వాళ్ళమ్మ, "పోనీలే, నీకు తెలుసనుకున్నా" అందట.

"తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని. ఆ పోనీలే ఉంది చూశావూ, అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది" అంది టీచర్. అంటూనే కళ్ళు తుడుచుకుని, "అంచు కాస్త వంకర పోతోంది, చూసుకో" అంది. ఎంతైనా టీచర్ టీచరే.

ఇక ఆవిడ భర్త. ప్లంబరు. వీధంతా మేస్త్రి అంటారు, నేను బాబాయ్ అంటాను. ఎండాకాలంలో కూడా ప్యాంటు అంచులు తడిసే ఉంటాయి. చేతులు ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. పాత ఇళ్ళలో తుప్పుపట్టిన పైపు మరని గోడ పెచ్చు ఊడకుండా విప్పుతాడు, ఆ విప్పుతున్నంతసేపూ ఆ ఇల్లు కట్టినవాణ్ణి ఏడు తరాలు కలిపి తిడతాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా నట్టు, బోల్టు, వాల్వు, ఎల్బో. పెళ్ళయిన కొత్తలో టీచర్ ఆయనకీ జంట మాటలు నేర్పబోయిందట. "ఎల్బో అంటే మోచెయ్యండీ" అంటే, "నా ఎల్బో పైపుని మూల తిప్పితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు నాకెందుకు?" అన్నాడట. మనసు బాగుంటే ఆవిణ్ణి "టీచరుగారూ" అని పిలిచేవాడు. బాగోకపోతే అసలు పిలిచేవాడు కాదు. వాళ్ళకి పిల్లలు లేరు. దానికి ఆవిడ ఏడవగా నేను చూడలేదు, ఆయన ఏడిస్తే చూసేంత దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

పోయిన చలికాలంలో టీచర్‌కి మాట పడిపోయింది.

మధ్యాహ్నం పైనుంచి మేస్త్రి కేక వినిపించి పరిగెత్తాను. ఆవిడ వంటగదిలో బల్ల పక్కన ఒరిగిపోయి ఉంది. మూతి ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి ఆవిడది కానట్టు వేలాడుతోంది. ఏదో చెప్పాలని చూస్తోంది, "దా... దా..." అని తప్ప రావడంలేదు. నన్ను చూసి ఆ కళ్ళు ఎంత గాభరాపడ్డాయో చెప్పలేను. మాటలమీద బతికిన మనిషి కదా.

ఆసుపత్రిలో మెదడుకి రక్తం అందక వచ్చిన పక్షవాతమన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. వరండాలో బెంచీ ఖాళీగానే ఉన్నా మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. టీ తెచ్చిస్తే నిలబడే తాగాడు.

"కూర్చో బాబాయ్."

"వద్దమ్మాయ్." నా ముఖం చూడకుండా అన్నాడు. "దాని నోరు నేనే పడగొట్టాను."

"అదేం మాట?"

అప్పుడు చెప్పాడు. ఆ రోజు ఆయన పొద్దుట్నుంచీ ఏదో మేడలో పూడిపోయిన మురుగు పైపులో చేతులు పెట్టి ఉన్నాడు. ఆకలిమీద ఇంటికొచ్చాడు. వాళ్ళ వంటింటి కుళాయి చాలా రోజులుగా కారుతోంది. "ఊరందరి కుళాయిలూ బాగుచేస్తారు, మన ఇంట్లోది మాత్రం మీ కంటికి ఆనదు" అని ఆవిడ మొదలుపెట్టింది. నిజానికి ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయనకి మాత్రం చెవిలో జోరీగలా అనిపించింది. "కాసేపు నోరు ముయ్యవే!" అని అరిచాడు.

"ఎప్పుడూ అనలేదమ్మాయ్ ఆ మాట. బయట ఎవణ్ణయినా ఏమైనా తిట్టి ఉంటాను, దాన్ని మాత్రం ఎప్పుడూ అనలేదు. అది ఇంక మాట్లాడలేదు. పళ్ళెం పెట్టింది, ఎదురుగా కూర్చుంది. దాని చేతిలో గ్లాసు కింద పడింది. కోపంతో విసిరిందనుకుని నేను తలెత్తలేదు. తలెత్తేసరికి..." ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ముయ్యమన్నాను. మూసుకుంది."

"డాక్టర్లు చెప్పారుగా, ఇది ఎప్పణ్ణుంచో లోపల ఉన్న జబ్బని. నీ మాటకీ దీనికీ ఏంటి సంబంధం? ఏదో ఊరికే అన్నావు."

"ఊరికే అనే మాట ఉండదని అదే అంటుంది" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. అప్పుడు నాకు ఆ సామెత మీద వల్లమాలిన కోపం వచ్చింది. సామెతలు కట్టినవాళ్ళకేం, కట్టి పోయారు. ఇక్కడ ఒక మనిషి గోడకి ఆనుకుని నిలువునా కుంగిపోతున్నాడు. "అది ఒక్క మాట మాట్లాడితే చాలమ్మాయ్. తిట్టినా సరే" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఇంటికి తీసుకొచ్చాక ముందుగది కిటికీ పక్కన మంచం వేశారు. మేస్త్రి మొట్టమొదట చేసిన పని ఆ కుళాయి బాగుచెయ్యడం. అది ఆగిపోయాక ఇంట్లో చప్పుడన్నదే లేకుండా పోయింది. ఆవిడకి తినిపించడం, తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆయనే. ఒక్కటి మాత్రం నేను గమనించాను. ఆ గదిలో ఆయన కూర్చోడు. మంచం పక్కన కుర్చీ ఉంది. నేను కూర్చుంటాను, వచ్చినవాళ్ళు కూర్చుంటారు, ఆయన మాత్రం నిలబడే ఉంటాడు. తన తిండి కూడా నిలబడే తినేవాడు.

ఆసుపత్రి నుంచి మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చేది. చిన్నపిల్ల, ఓపిక మాత్రం పండు ముసలమ్మంత. "ఆవిడకి అన్నీ తెలుస్తున్నాయి. మీరు చెప్పేదంతా అర్థమవుతోంది. లోపలున్న మాటకి బయటికి దారి దొరకడంలేదు, అంతే. ఏళ్ళ తరబడి అలవాటైన మాటలుంటాయి చూడండి, అవి ఒక్కోసారి వేరే దారిన వస్తాయి. మొదటి నెలల్లో నోరు ఎంత కదిలితే అంత మంచిది. కానీ పరీక్ష పెట్టకండి, కంగారు పెట్టకండి" అంది. మేస్త్రి తన పేరు చెప్పి చూశాడు, వాళ్ళమ్మ పేరు చెప్పి చూశాడు, అంకెలు చెప్పి చూశాడు. దా, దా. అంతకుమించి రాలేదు. రానప్పుడల్లా ఆవిడ కంట్లోంచి నీళ్ళు కారేవి, ఆయన తుడిచేవాడు, మళ్ళీ నిలబడేవాడు.

ఒకరోజు ఆయన పనికి వెళ్తే నేను పైన కూర్చుని చొక్కా గుండీలు కుడుతున్నాను. ఎదురుగా బళ్ళో గంట కొట్టారు. నోట్లో దారం కొరుకుతూ, ఎందుకన్నానో తెలియదు, చిన్నప్పటి అలవాటున "బెల్" అన్నాను.

మంచం మీంచి "వెల్" అని వినిపించింది.

సూది వేల్లోకి దిగింది. చూస్తే ఆవిడ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉంది. "టీచర్! రెయిన్!" అన్నాను. పెదవులు కూడదీసుకుని "ట్రెయిన్" అంది. వంకరగా, తడిగా, సగం గాలితో. అయినా మాట! ఆనందం పట్టలేక మెట్ల మీంచి వీధిలోకి కేకపెట్టాను. మేస్త్రి ఎక్కడ విన్నాడో, బురద చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. నేను "సీట్" అంటే ఆవిడ "హీట్" అంది. ఆయన తలుపు పట్టుకుని అలా ఉండిపోయాడు.

ఆ సాయంత్రం నుంచీ మేస్త్రి నాకు శిష్యుడు. పని నుంచి వస్తూనే నా కొట్లో మిషను పక్కన నిలబడేవాడు. నేను తొక్కుతూ చెబుతుంటే ఆయన వల్లించేవాడు. డోర్, ఫ్లోర్. కీ, బీ. హ్యాండ్, స్యాండ్. ఆ వయసులో, ఆ మొరటు నాలుకతో, బళ్ళో కొత్తగా చేరిన పిల్లాడిలా.

"డోర్ అంటే తలుపు బాబాయ్, ఫ్లోర్ అంటే..."

"అర్థాలు తర్వాత చూద్దాంలే తల్లీ. ముందు మాట రానీ. చప్పుడు కలిస్తే చాలుగా."

నాకూ అదే నిజమనిపించింది. ఆవిడకి మాట రావాలి, మాకు మాటలు కావాలి. అర్థాలతో పనేముంది అప్పుడు?

కొన్నాళ్ళు బాగానే సాగింది. ఆయన నిలబడి మాట అందించేవాడు, ఆవిడ జంట తెచ్చేది. అయితే ప్రతిసారీ జంట చెప్పాక ఆవిడ ఎడంచేత్తో మంచం పట్టె మీద టక్కున కొట్టేది. ఆయన గబగబా ఇంకో మాట అందించేవాడు. మళ్ళీ టక్. ఆవిడ ముఖం ఎర్రబడేది. "చిరాకు పడుతోంది పాపం, జబ్బు లక్షణం" అనుకునేవాళ్ళం.

ఇంతలో పులి మీద పుట్రలా చూడ్డానికొచ్చేవాళ్ళు మొదలయ్యారు. టీచర్‌కి మాటలొస్తున్నాయని వీధంతా పాకింది. పాత పిల్లల తల్లులొచ్చారు, బడి నడిపే పెద్దమ్మగారొచ్చారు. మంచం చుట్టూ చేరడం, "క్యాట్!" అనడం. ఆవిడ "ర్యాట్" అనగానే చప్పట్లు. "ఇంకోటి, ఇంకోటి! డాల్ అనండి, డాల్!" పెద్దమ్మగారు ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. టీచర్ పట్టె మీద టక్కున కొట్టింది. అందరూ దాన్నీ చూసి నవ్వి చప్పట్లు కొట్టారు. ఇంకోసారి కొట్టింది, ఈసారి గట్టిగా. తర్వాత ముఖం గోడ వైపు తిప్పేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేమన్నా చిలక జోస్యమా? లేవండి, లేవండి" అని ఒంటికాలి మీద లేచాను. పెద్దమ్మగారు ఇప్పటికీ నా దగ్గర బట్టలు కుట్టించుకోదు. పీడా పోయింది.

ఆ రోజుతో టీచర్ నోరు మూసుకుంది. ఎవరేమన్నా జంట చెప్పలేదు. బెల్ అన్నా లేదు, రెయిన్ అన్నా లేదు. వారం గడిచింది. ఆ దా, దా కూడా మానేసింది. డాక్టరమ్మ వచ్చి చాలాసేపు ప్రయత్నించి, మెట్ల దగ్గర మేస్త్రితో, "ఆవిడకి ఇష్టం పోతే కష్టమండీ. మాట వచ్చే దారి వాడకపోతే మూసుకుపోతుంది" అంది. ఆయన తల ఊపాడు. ఆవిడ వెళ్ళాక నాతో అన్నాడు, "రెండుసార్లు మూయించాను చూడు."

నేను దిగొచ్చేసరికి డాక్టరమ్మ కింద నా కొట్లో ఆగి ఉంది. "ఆవిడ క్లాసులో ఇంకేం చేసేవారు? జంట మాటలే కాకుండా?"

"ఇంకేముంది? మేం మాట చెప్పేవాళ్ళం, ఆవిడ బల్ల మీద..." అని చెయ్యెత్తి కత్తిరింపు బల్ల మీద టక్కున కొట్టాను.

కొట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. చిరాకు కాదు. జబ్బు లక్షణమూ కాదు. ఇన్నాళ్ళూ ఆవిడ మమ్మల్ని అర్థం అడుగుతోంది. మేం ఆవిణ్ణి అచ్చం ఆ స్టేజి మీద పిల్లని చేశాం. చప్పట్లు కొట్టాం, ఏమన్నావు తల్లీ అని ఒక్కళ్ళూ అడగలేదు. ఆ డస్టరు కింద పెరిగినదాన్ని, నాకైనా తట్టొద్దూ! నామీద నాకే ఏడుపొచ్చింది. డాక్టరమ్మకి చెబితే, "ఇంకేం మరి? ఆవిడకి క్లాసు కావాలి. పిల్లలుగా మీరుండండి" అంది.

మర్నాడు సెలవు. పొద్దున్నే మేస్త్రిని మెట్ల మీద ఆపి చెప్పాను. "బాబాయ్, ఈసారి ఆవిడ జంట చెప్పగానే ఇంకో మాటకి పోవడం కాదు. నీకొచ్చిన మాట నువ్వు చెప్పు. ఆవిడ జంట చెప్పి పట్టె కొడితే, దాని అర్థం నువ్వు చెప్పాలి. రాకపోతే నేను అందిస్తాను. అదీ ఆవిడ పద్ధతి."

"నాకొచ్చిన మాటంటే?"

"నీ సంచిలో లేవూ?"

కిటికీలోంచి ఎండ మంచం మీద సగం దాకా వచ్చింది. టీచర్ గోడ వైపే తిరిగి ఉంది. మేస్త్రి తన మామూలు చోట నిలబడ్డాడు. సంచిలోంచి ఒక నట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"టీచరుగారూ," అన్నాడు. ఎన్ని రోజులయిందో ఆ పిలుపు విని. "నట్. నట్ అంటే మర. బోల్టుకి బిగించేది."

ఆవిడ తల తిరిగింది. నట్టుని చూసింది, ఆయన్ని చూసింది. ఆయనంతట ఆయనే అర్థం చెప్పడం ఇన్నేళ్ళ కాపురంలో అదే మొదలయ్యుంటుంది. చాలాసేపు పెదవులు వెతుక్కున్నాయి.

"కట్."

టక్.

"కట్ అంటే కొయ్యడం. పైపు కొయ్యడం" అన్నాడు. ఆవిడ తల ఊపింది. నేను గోడ పక్కన నా నోరు నేనే చేత్తో మూసుకుని నిలబడ్డాను.

"హట్."

టక్. ఆయన నా వైపు చూశాడు. "గుడిసె" అని అందించాను. "హట్ అంటే గుడిసె" అన్నాడు.

ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత స్పష్టంగా, ఇంతవరకూ ఏ మాటా అననంత స్పష్టంగా అంది.

"షట్."

టక్.

మా బోర్డు మీద ఎప్పుడూ ఆ వరసే ఉండేది. కట్, హట్, షట్. వరసలో వచ్చిందో, కావాలనే అందో నాకు తెలియదు. ఇప్పటికీ అడగలేదు. మేస్త్రి ముఖంలో మాత్రం నెత్తురు లేదు. నేను అందించబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది నాకు తెలుసమ్మాయ్" అన్నాడు.

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ ఎడంచెయ్యి పట్టె మీదే ఉంది. రెండోసారి కొట్టలేదు. ఎదురుచూస్తోంది. చెప్పేదాకా ఎంతసేపైనా నిలబెట్టే టీచర్ ఆవిడ, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"షట్ అంటే ముయ్యడం" అన్నాడు మేస్త్రి. "ఆ రోజు నేనన్న మాట. నోరు ముయ్యమన్నాను. ఊరికే అన్నానని చెప్పను. ఆ నిమిషం నాకు నీ మాట వినాలని లేదు, అందుకే అన్నాను. అది తప్పు. నువ్వు మాట్లాడకపోతే ఈ ఇంట్లో నాకు ఊపిరి ఆడడంలేదు. కుళాయి బాగుచేశాను. చూశావా? ఎప్పుడో చెయ్యాల్సింది." నట్టుని ఆవిడ చెయ్యి పక్కన పట్టె మీద పెట్టాడు. "అదీ దాని అర్థం. నాకు తెలిసింది అంతే."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఆ వంకరపోయిన మూతి అటూ ఇటూ కదిలింది. దా అనబోయింది, ఆపేసింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి జంట మాట కాదు, ఎవరో అందించిన మాట కాదు, ఇంగ్లీషు కూడా కాదు. చెమటలు పట్టేలా, ఒక్కో ముక్కా లాక్కొచ్చింది.

"కూ... కూర్చో."

కాపురానికొచ్చిన నాటినుంచీ ఆయన్ని మీరు, ఏమండీ అనడమే తప్ప ఏకవచనంతో పిలిచి ఎరగదు. కానీ అర్థం చెప్పినవాళ్ళెవరితోనైనా ఆవిడ అనేది ఆ మాటే.

మేస్త్రి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.